కొత్తగా పట్టా పుచ్చుకున్న పశువైద్యునికి నాలుగు మాటలు



పశువుల జబ్బుల గురించీ, మేత గురించీ మనం తరచుగా చెప్పుకుంటూనే వుంటాం. ఈసారి పశువుకు వైద్యం చేసే డాక్టరు గురించి, అందులోనూ నిన్ననో మొన్ననో పట్టా పుచ్చుకుని వచ్చిన కుర్ర డాక్టరు జేబు గురించి చెప్పుకుందాం. "ఆయన జేబుతో మాకేం పని?" అని మీరు అడగవచ్చు. పని వుంది. వినండి.

వానాకాలంలో మీ ఆవుకు మూడు రోజుల జ్వరం తగిలిందనుకోండి. ఒళ్లు కాలిపోతుంది, కుంటుతుంది, పడుకుంటే లేవలేదు. ఇది కుట్టే పురుగులు మోసుకొచ్చే వైరస్ జబ్బు. చాలా పశువులు మూడు నాలుగు రోజుల్లో తేరుకుంటాయి. కావలసింది నీడ, నీళ్లు, విశ్రాంతి, జ్వరమూ నొప్పీ తగ్గే మందు. గొట్టంతో నోట్లో మందు పొయ్యకూడదు. మింగలేని స్థితిలో వున్న పశువుకు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నిలకడ గల డాక్టరు ఈ మాట చెప్పి, అవసరమైన ఒక్క సూది వేసి, తన ఫీజు తీసుకుని వెళతాడు.

నెల తిరిగేసరికి వడ్డీ కట్టవలసిన డాక్టరుకు ఆ నిలకడ కష్టం. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచెయ్యదని ఆయనకు తెలుసు. కాని సీసా మీద మిగిలే నాలుగు రూపాయలు వడ్డీకి అక్కరకొస్తాయి. మీకు ఖర్చు పెరుగుతుంది. పాలలో మందు కలుస్తుంది. ఆ పాలు చెప్పినన్ని రోజులు అమ్మకూడదు, పిల్లలకు పొయ్యకూడదు. చూశారా, డాక్టరు అప్పుల్లో వుంటే ఆ అప్పు చివరకు మన పశువు వంటి మీదికే వస్తుంది. అందుచేత ఈ మాటలు కుర్ర డాక్టరుకు ఎంత ముఖ్యమో, రైతుకూ గ్రామసేవలో వున్న విస్తరణ కార్యకర్తకూ అంతే ముఖ్యం.

ముందు ఇంటి లెక్క

పశువైద్య పట్టా చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్పుతో కలిపి, అయిదున్నర సంవత్సరాలు. తిరుపతిలో కళాశాల 1955లో పెట్టిన నాటినుంచి ఈనాటి వరకు ఈ చదువుకు వెళ్లేవారిలో రైతుబిడ్డలు చాలామంది. అయిదున్నరేళ్లపాటు ఇంటినుంచి డబ్బు పోతుందేగాని రాదు. కొందరికి బ్యాంకు విద్యారుణం వుంటుంది. కొందరి తండ్రులు చేబదులు తెస్తారు, తల్లుల నగలు కుదువకు వెళతాయి. ఈ సంగతి పిల్లలకు పూర్తిగా చెప్పరు. "వాడు చదువుకోనీ, మనం చూసుకుందాం" అంటారు.

నాయనా, అమ్మాయీ! పట్టా పుచ్చుకుని ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే అమ్మనూ నాన్ననూ కూచోబెట్టి, ఒక కాగితం మీద అన్ని అప్పులూ రాయండి. ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, ఏ తేదీకి కట్టాలి. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే చిన్నమాటగా వినబడుతుంది. అది నెలకు రెండు. ఏడాదికి నూటికి 24. నాలుగు లక్షల అప్పుకు నెలకు 8,000, ఏడాదికి 96,000 రూపాయలు వడ్డీకే పోతాయి, అసలు అసలుగానే నిలబడుతుంది. ఇటువంటి అప్పు నెత్తిన పెట్టుకుని బ్యాంకులో నూటికి 7 వడ్డీకి డిపాజిట్ వెయ్యడం, చిల్లిపడ్డ కుండలో నీళ్లు పొయ్యడమే. నగలు వడ్డీవ్యాపారి దగ్గర వుంటే విడిపించి బ్యాంకులో పెట్టినా వడ్డీ సగానికి పైగా తగ్గుతుంది. ఎక్కువ వడ్డీ అప్పు ముందు తీర్చాలి. విద్యారుణం వాయిదా మాత్రం ఒక్కటి కూడా తప్పరాదు. తప్పితే రేపు ఆసుపత్రి పెట్టుకోవడానికి బ్యాంకుకు వెళ్లినప్పుడు ఆ మచ్చ ఎదురువస్తుంది.

కొలువు ఎంచుకోవడం

అందరి చూపూ సర్కారు ఉద్యోగం మీదనే వుంటుంది. తప్పులేదు. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2022 డిసెంబరులో 185 పశువైద్య సహాయ శస్త్రచికిత్సకుల పోస్టులకు ప్రకటన ఇచ్చింది. అందులో చూపిన వేతనశ్రేణి 54,220 నుంచి 1,33,630 రూపాయలు. మంచి జీతమే. అయితే ఇటువంటి ప్రకటన ఏటేటా రాదు. దాని కోసం నాలుగేళ్లు ఖాళీగా కూచుంటే చేతి నైపుణ్యం తుప్పుపడుతుంది, అప్పుమీద వడ్డీ పెరుగుతుంది. పరీక్షకు చదువుతూనే పని చెయ్యండి.

పని లేకపోలేదు. పాల సంఘాలున్నాయి, కోళ్ల కంపెనీలున్నాయి, మందుల కంపెనీలున్నాయి. 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలున్నాయి. బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్ర అధికారి పదవికి పశువైద్య పట్టా కూడా అర్హతే. పట్నాల్లో కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే ఆసుపత్రులు పెరిగాయి. ఎక్కడ చేరినా జీతమొక్కటే చూడవద్దు. పెట్రోలు ఖర్చు ఎవరిది? భవిష్యనిధి జమ చేస్తారా? పక్కన నిలబెట్టి నేర్పే పెద్ద డాక్టరు వున్నాడా? ఈ మూడూ అడగండి. మొదటి రెండేళ్లు పని నేర్పే చోట అయిదువేలు తక్కువైనా నష్టం లేదు. ఒప్పందం కాగితం మీద వుండాలి. అసలు సర్టిఫికెట్లు ఎవరి బీరువాలోనూ పెట్టనివ్వకండి. నకళ్లు ఇస్తే చాలు.

1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పేరు నమోదు కానివారు పశువైద్యం చెయ్యరాదు. పట్టా చేతికి రాగానే రాష్ట్ర పశువైద్య మండలిలో పేరు రాయించుకోండి. గడువు తీరకముందే పునరుద్ధరించుకోండి.

మొదటి జీతం

మొదటి జీతం రాగానే చుట్టాలందరికీ తెలుస్తుంది. కారు కొనమంటారు. పెళ్లి ఘనంగా చెయ్యాలంటారు. చెల్లెలి పెళ్లి ఖర్చు మీదేనంటారు. స్నేహితుడొకడు హామీ సంతకం అడుగుతాడు. హామీ సంతకం అంటే అప్పు మీరు చేసినట్టే. ఆయన కట్టకపోతే మీ జీతంలోనుంచి పోతుంది. "నాన్నగారిని అడిగి చెబుతా" అనడంలో నామోషీ లేదు.

జీతాన్ని వరసగా నాలుగు కుప్పలు పెట్టండి. మొదటిది ఇంటి ఖర్చు. రెండోది అప్పు. మూడోది ఆపద నిధి, అంటే ఆరు నెలల ఖర్చుకు సరిపడే డబ్బు, అడిగిన రోజున చేతికొచ్చేటట్టు బ్యాంకులో. బ్యాంకు డిపాజిట్లకు ఒక్కొక్క బ్యాంకులో ఒక మనిషికి అయిదు లక్షల వరకు బీమా రక్షణ 2020నుంచి వుంది. కాబట్టి ఎక్కువ వడ్డీ ఆశ చూపే ఊరూపేరూ లేని చిట్టీలకు ఆ డబ్బు ఇవ్వరాదు. నాలుగోది ముసలితనానికి.

"పాతికేళ్ల వాడికి ముసలితనం లెక్కేమిటి?" అంటారేమో. నెలకు అయిదువేల చొప్పున 30 ఏళ్లు వేస్తే, నూటికి 7 చొప్పున పెరుగుతుందనుకుంటే, సుమారు 61 లక్షలవుతుంది. పదేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టి 20 ఏళ్లే వేస్తే సుమారు 26 లక్షలు. తక్కువ వేసింది ఆరు లక్షలే, తగ్గింది 35 లక్షలు! మొక్క ముందు నాటినవాడికి నీడ ముందు. 2004 సెప్టెంబరు తరువాత సర్కారు కొలువులో చేరినవారికి మన పెద్దలు ఎరిగిన పాత పింఛను లేదు. ప్రైవేటు కొలువులో భవిష్యనిధి వుంటే, ఉద్యోగం మారినప్పుడు దాన్ని తీసి ఖర్చు పెట్టక కొత్తచోటికి మార్పించుకోండి.

సొంత వైద్యశాల

సొంతంగా వైద్యం చేసేవారి లెక్క వేరు. ఒక రోజు లెక్క చూద్దాం. ఆరు ఇళ్లకు వెళ్లారు. మొత్తం 1,800 రూపాయలు రావాలి. మందులకు 700, పెట్రోలుకు 250 పోయాయి. 850 మిగిలిందనుకుంటారు. కాని ఇద్దరు రైతులు "పంట వచ్చాక ఇస్తాం డాక్టరుగారూ" అన్నారు. ఆ 600 తీసేస్తే చేతిలో వున్నది 250. అరువు రాసుకోని డాక్టరుకు తాను లాభంలో వున్నాడో నష్టంలో వున్నాడో ఏడాది చివరికి కూడా తెలియదు. కనుక రెండు పుస్తకాలు పెట్టండి. ఒకటి వైద్యశాలది, ఒకటి ఇంటిది. బ్యాంకు ఖాతాలు కూడా రెండు. ఫీజు వేరుగా, మందు ఖరీదు వేరుగా రాసి ఇవ్వండి.

మొదటి రోజునే అద్దె భవనం, పెద్ద యంత్రాలు వద్దు. సంచీ, మోటారు సైకిలు, మంచి పేరు, వీటితో మొదలుపెట్టండి. పెట్టుబడి కావలసినప్పుడు 2002లో మొదలైన అగ్రి క్లినిక్కుల పథకం గురించి విచారించండి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ ఆధ్వర్యంలో 45 రోజుల ఉచిత శిక్షణ, ఆ తరువాత బ్యాంకు రుణం, దాని మీద సబ్సిడీ ఈ పథకంలోని అంగాలు. పశువైద్యులూ అర్హులే.

ఒళ్లే పెట్టుబడి

డాక్టరుకు అసలు ఆస్తి రెండు చేతులు. గేదె ఒక్క తాపు తన్నితే మూడు నెలలు మంచాన పడవచ్చు. రాత్రిపూట కష్టమైన ఈతకు వెళ్లి వస్తూ బండి మీద పడవచ్చు. పిచ్చికుక్క కాటుకు ముందుగానే వేయించుకునే టీకాలు వేయించుకోండి. ఈసుకుపోయిన దూడనూ మాయనూ చేతితో తీసేటప్పుడు తొడుగులు తప్పవు. బ్రూసెల్లా మనిషికి సోకితే జ్వరమూ కీళ్లనొప్పులూ నెలల తరబడి పీడిస్తాయి. పెయ్యదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో వేసే బ్రూసెల్లా టీకాలో బతికి వున్న సూక్ష్మజీవులే వుంటాయి. ఆ సూది మీ వేలికి గుచ్చుకుంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఆరోగ్య బీమా, ప్రమాద బీమా, మీమీద ఆధారపడ్డవారుంటే టర్ము బీమా తీసుకోండి. చుట్టం చెప్పాడని, పొదుపూ బీమా కలిపిన పెద్ద పాలసీ తలకెత్తుకుని మూడో ఏడు కట్టలేక వదిలేస్తే నష్టం మీదే.

సంతకం విలువ

చివరగా ఒక చేదుమాట, ఇది మన రైతులకు కూడా. పశుబీమాలో విలువ కట్టేదీ, చచ్చిన పశువును పరీక్షించి కాగితం ఇచ్చేదీ డాక్టరే. చెవిపోగు ఒక పశువుది, చచ్చింది మరొకటి. "మనవాడివే గదా, ఒక సంతకం పెట్టు బాబూ" అని అడుగుతాం. అప్పులో వున్న కుర్రవాడు పెడతాడు. ఆ ఒక్క సంతకంతో అయిదున్నరేళ్ల చదువు, మండలిలో పేరు, కొలువు, మూడూ పోవచ్చు. బీమా కంపెనీ ఆ ఊరిని అనుమానిస్తే తరువాత నిజంగా గేదె చచ్చిన పేదవాడి డబ్బు ఆగిపోతుంది. అటువంటి సంతకం అడగకండి. డాక్టరూ, అడిగినా పెట్టకండి.

రైతు సోదరులారా! డాక్టరు వచ్చి పశువును పరీక్షించి, "సూది అక్కరలేదు" అని చెప్పినా ఆయన ఫీజు ఆయనకివ్వండి. "సూదే వెయ్యలేదు, డబ్బెందుకు?" అన్న మాటే ఆయన చేత అక్కరలేని సూది వేయిస్తుంది. అరువు పెడితే తేదీ చెప్పి, ఆ తేదీకి తీర్చండి. విస్తరణ కార్యకర్తలు తమ మండలానికి కొత్తగా వచ్చిన డాక్టరుకు ఏ ఊళ్లో ఎన్ని పశువులున్నాయో, ఏ సంఘం చురుకుగా వుందో చెప్పాలి. బ్యాంకు మేనేజరుకు పరిచయం చెయ్యాలి.

అర్ధరాత్రి దూడ అడ్డం తిరిగినప్పుడు, పిలిస్తే పలికే డాక్టరు ఊరికి దగ్గరలో వుండాలని మనమందరమూ కోరుకుంటాం. ఆయన అక్కడ నిలబడాలంటే ఆయన ఇల్లు నిలబడాలి. ఈ సాయంత్రమే ఒక కాగితం తీసుకుని అప్పుల లెక్క రాయండి నాయనా. మిగతావన్నీ ఆ కాగితం మీదనే మొదలవుతాయి.