షికాగో బడులు: పెత్తనమెవరిది?

మన నగరములందలి సర్కారు బడులను పురపాలక సంఘమో, ప్రభుత్వ శాఖయో నడుపుట మనమెరిగినదే. అమెరికాలో ఇందులకు పాఠశాలా మండలమను ప్రత్యేక సంస్థ గలదు. షికాగో మండలమున 2024లో 3 లక్షలకు పైగా బాలబాలికలు చదువుచుండిరి.

1988 నాటి శాసనము బడులలో స్థానిక సమితులను నెలకొల్పి, వాటిలో తల్లిదండ్రులకే ఆధిక్యము నొసగెను. ప్రధానోపాధ్యాయుని ఎంపిక వారిదే. కాని 1995లో మండల పాలకవర్గపు నియామకము మేయరు వశమయ్యెను. 2013లో ఆ వర్గము ఒక్క పెట్టున సుమారు 50 బడులను మూయ నిశ్చయించెను. అధికముగా నష్టపడినవి నల్లజాతివారి పేటలే. తల్లిదండ్రులు ఎంత మొరపెట్టుకొన్నను, తీర్పు చెప్పినవారిని తొలగించు ఓటు వారికి లేదు.

తుదకు 2021 నాటి రాష్ట్ర శాసనము ఎన్నికలకు దారి చూపెను. 2024 నవంబరులో 21 స్థానములకుగాను 10 స్థానములకు ప్రజలు సభ్యుల నెన్నుకొనిరి. ఓటుతోనే ఖజానా నిండదు, బడి నిలువదు. అయినను బడి మూయు అధికారము గలవారు, బిడ్డల నా బడికి పంపువారికి జవాబుదారులై యుండుట న్యాయమని మేము తలంతుము.