కుక్కకు పెట్టదగినవి, పెట్టరానివి

మీ ఇంట్లో కుక్క ఉందా? లేకపోయినా మీ వీధిలో ఒకటైనా ఉండే ఉంటుంది. మీరు అన్నం తినేటప్పుడు అది గుమ్మం దగ్గిర కూచుని మీ చేతికేసే చూస్తుంది. మీరేం వేసినా తోక ఆడిస్తూ తినేస్తుంది. తిన్నది తనకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది దానికి తెలియదు. అది తెలుసుకోవలసినవాళ్లు పెట్టేవాళ్లే!

కుక్కల పూర్వీకులు తోడేళ్లు. అవి మనిషిని చేరి చాలా వేల ఏళ్లయింది. జర్మనీలో బాన్ నగరం పక్కన 1914లో ఒక పాత సమాధి బయటపడింది. అందులో ఒక పురుషుడి ఎముకలూ, ఒక స్త్రీ ఎముకలూ, వాటితోబాటు ఒక కుక్క ఎముకలూ ఉన్నాయి. ఆ సమాధి వయస్సు సుమారు 14,000 ఏళ్లు! ఇంతకాలం మనిషి పెట్టిన కూడు తిని తిని కుక్క ఒంట్లో ఒక మార్పు వచ్చింది. బియ్యం, గోధుమల్లో ఉండే గంజిపదార్థాన్ని అరిగించటానికి ఒక రసం కావాలి. ఆ రసాన్ని తయారుచేయించే జన్యువు తోడేలుకు రెండు ప్రతులే ఉండగా, కుక్కల్లో 4 మొదలు 30 దాకా ఉన్నట్టు స్వీడన్ శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించారు. అందుకే కుక్క మన అన్నమూ, రొట్టే తిని హాయిగా అరిగించుకుంటుంది.

అలాగని అన్నం ఒకటే పెడితే చాలదు. కండ, చర్మం, బొచ్చు, రక్తం—వీటన్నిటికీ మాంసకృత్తులు కావాలి. వీటినే ప్రోటీనులు అంటారు. పేరులో మాంసం ఉన్నా ఇవి మాంసంలోనే కాదు, గుడ్డులోనూ, పాలలోనూ, పప్పులోనూ కూడా ఉంటాయి. మాంసకృత్తు ఒక పూసలదండ లాటిది. అందులోని పూసలే అమినో ఆమ్లాలు. ఇవి సుమారు 20 రకాలు. కుక్క శరీరం కొన్నిటిని తానే తయారుచేసుకుంటుంది. 10 రకాలను మటుకు చేసుకోలేదు. అవి తిండితోనే రావాలి.

పెద్ద కుక్క తినే తిండిలోంచి నీరంతా తీసేసి తూచితే నూటికి 18 పాళ్లయినా మాంసకృత్తులుండాలనీ, ఎదిగే పిల్లకు 22 పాళ్లకు పైగా ఉండాలనీ అమెరికాలో ఒక ప్రమాణం ఉన్నది. బియ్యంలో 7, 8 పాళ్లే ఉంటాయి. అందుచేత రోజూ వట్టి మజ్జిగన్నం తినే కుక్కపిల్లకు ప్రక్కటెముకలు తేలితే ఆశ్చర్యం లేదు.

మరి ఏం పెట్టాలి?

అన్నిటికన్న సులువైనది కోడిగుడ్డు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. కాని దాన్ని ఉడికించి పెట్టాలి. పచ్చి తెల్లసొనలో ఎవిడిన్ అనే పదార్థం ఉంటుంది. అది బయోటిన్ అనే విటమినును గట్టిగా పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తుంది. ఉడికిస్తే ఆ పట్టు వదిలిపోతుంది. పచ్చి గుడ్డులో రోగం తెచ్చే క్రిములేమైనా ఉంటే అవికూడా చస్తాయి.

చేపల సంగతీ అంతే. కొన్ని రకాల పచ్చి చేపల్లో బి1 విటమినును నాశనం చేసే పదార్థం ఒకటుంటుంది. ఉడికిస్తే ఆ పదార్థమే నాశనమవుతుంది. ముళ్లు తీసేసిన ఉడికిన చేప కుక్కకు చాలా మంచిది. ఉప్పు చేప మటుకు పెట్టకూడదు.

కోడిమాంసం, మేకమాంసం నీళ్లలో ఉడికించి, ఎముకలు ఏరేసి, కొవ్వు తీసేసి పెట్టవచ్చు. కుక్కకు నేతికూడు ఇమడదని మనవాళ్లు ఊరికే అనలేదు. ఒక్కసారిగా ఎక్కువ కొవ్వు తింటే కొన్ని కుక్కలకు క్లోమం వాచిపోతుంది. అవి వాంతులు చేసుకుని, తిండి మానేసి, కడుపునొప్పితో ముడుచుకుని పడుకుంటాయి.

“కుక్కకు ఎముకలు వేయకూడదా?” అని మీరు అడగవచ్చు. ఉడికిన కోడి ఎముకను ఒకటి విరిచి చూడండి. అది సూదిమొనల్లాటి చీలికలుగా విరుగుతుంది. ఆ చీలిక గొంతుకు అడ్డం పడవచ్చు, పేగుకు చిల్లి పెట్టవచ్చు. పచ్చి ఎముకయినా క్షేమం కాదు. గట్టి ఎముక కొరికి పళ్లు విరగగొట్టుకున్న కుక్కలు చాలా ఉన్నాయి.

ఇంట్లో ఎవరూ మాంసం తినకపోతే కుక్క గతి ఏమిటి? దానికీ ఉపాయం ఉన్నది. బియ్యంలోని మాంసకృత్తుల్లో లైసిన్ అనే పూస తక్కువ. పప్పులో అది ఎక్కువ. పప్పులో తక్కువైన పూసలు బియ్యంలో ఉన్నాయి. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది. మెత్తగా ఉడికిన పప్పన్నం, దానితోబాటు కాస్త పెరుగు పెట్టవచ్చు. పాలు చాలా పెద్ద కుక్కలకు పడవు. పాలలోని చక్కెర అరగక విరేచనాలవుతాయి. పాలు తోడుకున్నప్పుడు ఆ చక్కెర కొంత తగ్గిపోతుంది కనక పెరుగు చాలా కుక్కలకు పడుతుంది. పప్పన్నమూ పెరుగూ పెట్టినా అన్ని లోట్లూ తీరవు. ఇలా పెట్టేవాళ్లు ఇంకా ఏమేమి కావాలో పశువైద్యుణ్ణి అడగటం మంచిది.

పప్పన్నం అంటే తాలింపు పెట్టిన మన పప్పు కాదు సుమా! కుక్కకు ఉల్లి విషం. ఉల్లిలోని కొన్ని పదార్థాలు కుక్క రక్తంలోని ఎర్రకణాలను పాడుచేసి పగిలిపోయేలా చేస్తాయి. వెల్లుల్లి కూడా ఆ జాతిదే. ఎంత ఉడికించినా, వేయించినా వాటి గుణం పోదు. పది కిలోల కుక్కకు 150 గ్రాముల ఉల్లిపాయే ప్రమాదం తేవచ్చు. తిన్న రోజున ఏమీ కనిపించదు. కొద్ది రోజులు గడిచాక కుక్క నీరసించి, చిగుళ్లు పాలిపోయి, మూత్రం ఎర్రగా పోస్తుంది. విస్తట్లో మిగిలిన మసాలా కూర కలిపి పెట్టినవాళ్లకు ఆ జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో తోచనే తోచదు!

వేరుశనగపప్పులో మాంసకృత్తులు దండిగా ఉంటాయి. కాని బూజు పట్టిన గింజల్లో ఎఫ్లటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు. అది కాలేయాన్ని చెడగొడుతుంది. 2005 చివర అమెరికాలో, ఈ విషం చేరిన మొక్కజొన్నతో చేసిన తిండి తిని నూరుకు పైగా కుక్కలు చచ్చిపోయాయి. “మనకు పనికిరాదు గదా, కుక్కకు వేద్దాం” అనుకోవటం ఎంత పొరపాటో చూడండి.

ఇంకొక ముఖ్యమైన సంగతి ఉన్నది. ఇది కుక్కకే కాదు, మీకూ సంబంధించినది.

మాంసం కొట్టు దగ్గిర పారేసిన గొర్రె కార్జాలూ, ఊపిరితిత్తులూ కుక్కలు పచ్చిగానే తింటూంటాయి. వాటిలో ఒక్కొక్కప్పుడు నీటితిత్తులుంటాయి. ఆ తిత్తుల్లో ఒకరకం బద్దెపురుగు పిల్లలుంటాయి. అవి కుక్క పేగుల్లో చేరి పెరుగుతాయి. పెరిగిన పురుగు సెంటీమీటరు పొడుగైనా ఉండదు! దాని గుడ్లు కుక్క పెంటతో బయటికి వచ్చి గడ్డిమీద పడతాయి. ఆ గడ్డి మేసిన గొర్రెకు మళ్లీ తిత్తులు వస్తాయి. కుక్కను నిమిరి, చేతులు కడుక్కోకుండా అన్నం తిన్న పిల్లవాడి కడుపులోకి ఆ గుడ్లు పోతే, వాడి కార్జంలోనో ఊపిరితిత్తిలోనో అదే తిత్తి ఏళ్ల తరబడి పెరుగుతుంది.

ఐస్లండు దీవిలో ఒకప్పుడు ఈ జబ్బు విపరీతంగా ఉండేది. అక్కడ గొర్రెలు ఎక్కువ, వాటిని కాసే కుక్కలూ ఎక్కువ. 1863లో హారాల్డ్ క్రాబె అనే డెన్మార్కు శాస్త్రజ్ఞుడు అక్కడికి వెళ్లాడు. 100 కుక్కల పేగులు పరీక్షించి చూస్తే 28 కుక్కల్లో ఈ పురుగు కనిపించింది. ఆయన ఈ జబ్బు ఎలా వస్తుందో, ఎలా తప్పించుకోవాలో వివరిస్తూ ఒక చిన్న పుస్తకం రాశాడు. 1864లో దాన్ని దీవిలోని ప్రతి ఇంటికీ ఉచితంగా పంచిపెట్టారు. ఆ దేశంలో చదవటం రానివాళ్లు చాలా తక్కువ. అందరూ చదివారు. కుక్కలకు పచ్చి కార్జాలు వేయటం మానివేశారు. వాటిని కాల్చటమో పాతిపెట్టటమో చేయసాగారు. తరవాత చట్టాలు కూడా వచ్చాయి. తరం మారేసరికి జబ్బు అరుదైపోయింది. చివరకు ఆ దీవినుంచి మాయమైంది. ఒక చిన్న పుస్తకం చేసిన మేలు అది!

మీరూ కుక్కను తాకిన తరవాత సబ్బుతో చేతులు కడుక్కోండి. కార్జం పెట్టదలిస్తే బాగా ఉడికించి, కొద్దిగానే పెట్టండి. పశువైద్యుడు చెప్పిన ప్రకారం పురుగుల మందు వేయించండి.

మాంసం మంచిదన్నాం గదా అని పిల్లకుక్కకు వట్టి మాంసమే పెట్టకండి. మాంసంలో కాల్షియం బాగా తక్కువ. దానితోనే పెరిగిన పిల్లకు ఎముకలు మెత్తబడి వంకరపోతాయి. మాంసకృత్తులతో సంబంధం లేకపోయినా, చాక్లెట్టూ, ద్రాక్షపళ్లూ, పరమాన్నంలోని కిస్‌మిస్ పళ్లూ కుక్కకు ఎప్పుడూ పెట్టకూడదని కూడా గుర్తుంచుకోండి.

కుక్క తినరానిది తిన్నదని తెలిస్తే, ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని చూడకండి. అది ఇంకా ప్రమాదం. వెంటనే పెద్దవాళ్లతో చెప్పి పశువుల ఆస్పత్రికి తీసుకుపోండి. ఏం తిన్నదో, ఎంత తిన్నదో, ఎప్పుడు తిన్నదో డాక్టరుకు చెప్పండి.

ఇకమీద కుక్క ముందు తిండి పెట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది సరిగా ఉడికిందా? ఎముకలూ ముళ్లూ తీశానా? ఉల్లీ, ఉప్పూ, కారమూ లేవుగదా? కుక్క ఈ ప్రశ్నలు అడగలేదు. దాని తరపున మీరే అడగాలి.