ఖనిజం నడిచిన దారి

రైళ్ళపై మాకు గల మక్కువ చిన్ననాటిది. ఉద్యోగరీత్యా కిరందుల్‌లో ఉన్న కాలంలో తీరిక దొరికినప్పుడల్లా స్టేషనుకు పోయి, ఖనిజం నింపుకొని కదిలే వ్యాగన్లను లెక్కించుట మాకు అలవాటు. కెనడా రైల్వేల చరిత్ర చదువుట మరొక అలవాటు. ఒకనాడు ఉసూరు ప్రాంతపు సహోద్యోగి ఒకరు మా బల్లపై ఉన్న పుస్తకంలో, మంచుబయలున సాగుతున్న ఖనిజపు బండి చిత్రాన్ని చూచి, "ఇది మన బండిలాగే ఉంది సార్. దీంట్లో మనుషులు కూడా ఎక్కుతారా?" అని అడిగినాడు. ఆ ప్రశ్నయే ఈ వ్యాసానికి మూలం.

ఉసూరు బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్నది. గోండీతోపాటు తెలుగు కూడా వినిపించే సీమ అది. అక్కడికి రైలు లేదు. తూర్పున బైలడిల కొండలకు ఆవల కిరందుల్ ఉన్నది. ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపుటకై 1960వ దశకంలో కొత్తవలస–కిరందుల్ మార్గాన్ని నిర్మించిరి. పొడవు సుమారు 446 కిలోమీటర్లు, సొరంగాలు 58. తూర్పు కనుమలనెక్కు ఈ మార్గంలో శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్నది. ఖనిజం కొరకు వేసిన ఈ పట్టాలపైనే ప్రయాణికుల బండి కూడా నడచుచున్నది. అయితే ఉసూరు వారికి అది కొండకు ఆవలి బండి.

కెనడా రైల్వే అనగానే అందరికీ స్ఫురించునది కెనడియన్ పసిఫిక్. రైలుమార్గం వేయుదుమన్న మాటపై 1871లో బ్రిటిష్ కొలంబియా ఆ దేశంలో చేరినది. 1885 నవంబరు 7న క్రెయిగెలాకీ వద్ద చివరి మేకు దిగినది. రాకీ పర్వతాలలో ఒకచోట వాలు నూరు అడుగులకు నాలుగున్నర అడుగులు. 1909లో కొండ లోపలనే చుట్టు తిరిగే సొరంగాలు తొలిచి, దారిని పొడిగించి, ఆ వాలును సగానికి తగ్గించిరి. ఇంజనీర్లమైన మనకు ఇది ముచ్చట గొలుపు కథ.

కాని సహోద్యోగి చూచిన చిత్రం వేరొక మార్గానిది. సెయింట్ లారెన్స్ తీరాన గల సెత్-ఈల్ రేవు నుండి ఉత్తరాన షెఫర్‌విల్ గనుల వరకు 573 కిలోమీటర్ల మేర వేసిన మార్గం అది. 1954లో ఆ దారిన ఇనుప ఖనిజం కదలినది. 1982లో అక్కడి గనుల మూసివేత ప్రకటితమైనది. కంపెనీవారు తరలిపోయిరి. కాని అది ఇన్ను, నాస్కాపీ ప్రజల పూర్వీకుల వేటభూమి. వారు ఎక్కడికి పోగలరు? షెఫర్‌విల్‌కు బయటి ప్రపంచం నుండి రోడ్డు లేదు. రైలు ఆగినచో ఊరే ఒంటరి. 2005లో మూడు ఆదివాసీ సమాజాలు కలిసి రెండు వందల కిలోమీటర్లకు పైబడిన ఉత్తర భాగాన్ని స్వాధీనపరచుకొని 'చివేటిన్' అను రైల్వే సంస్థను నెలకొల్పినవి. వారి భాషలో ఆ మాటకు ఉత్తరపు గాలి అని అర్థం. ఆ బండి అడవి నడుమ వేటగాళ్ళ బసల వద్ద కూడా ఆగి మనుషులను, సామగ్రిని ఎక్కించుకొనును.

కనుక మా సహోద్యోగికి సమాధానం: "ఎక్కుతారు. అంతేకాదు, ఆ బండి వారిదే."

కొత్తగూడెం–కిరందుల్ మధ్య సుమారు 160 కిలోమీటర్ల కొత్త మార్గానికి తుది సర్వే సాగుచున్నట్లు 2025లో ప్రకటితమైనది. సుక్మా, దంతెవాడ, బీజాపూర్ జిల్లాలకు సంబంధించిన మార్గమిది. సర్వేలో వాలును, వంపును, వంతెనను కొలుచుట మన విద్య. ఏ ఊరివారు ఎక్కడ బండి ఎక్కుదురో కూడా ఆనాడే కొలువవలెను. పట్టాలు వేసిన పిమ్మట స్టేషనుకు చోటు వెదకుట ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. గని ఎంత పెద్దదైనను ఏదో ఒకనాటికి తరిగిపోవును. దాని చుట్టూ ఉన్న పల్లెలు మాత్రం నిలిచి ఉండును.

ఇదంతా విని ఆయన పుస్తకం మూసి, "అయితే సార్, మా వైపు గీత గీసేటప్పుడు ఒక స్టేషను చుక్క కూడా పెట్టమని చెప్పండి" అన్నాడు. గీతలు గీయు చేతులు మన చదువు చదివినవారివే. ఆ మాట వారికి చేరవలెనని ఇక్కడ వ్రాయుచున్నాము.