పాలకుల జమాఖర్చు

హైదరాబాదు నుండి షోలాపూరు వైపు సాగిపోయే రాజమార్గం మీద, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్నది జహీరాబాదు. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగు భాషలూ బజారులో వినవచ్చే ఊరు. భాషా రాష్ట్రాలు ఏర్పడిన 1956 వరకు ఈ తాలూకా బీదరు జిల్లాలో ఉండేది. పిమ్మట మెదకు జిల్లాలోను, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలోను చేరినది.

1948 సెప్టెంబరు 16వ తేదీ తెల్లవారుజామున లెఫ్టినెంట్ కర్నల్ రామ్‌సింగ్ నాయకత్వాన భారత సేనా విభాగం ఒకటి జహీరాబాదు దిక్కుగా కదిలినది. దారిలో పాతిపెట్టిన మందుపాతరలు దాని నడకకు అడ్డుపడినవి. వాటిని తొలగించుకొని ముందుకు పోగా, బీదరు బాట వచ్చి కలిసే కూడలి దగ్గర పొంచి ఉన్నవారు కాల్పులు జరిపినారు. కొంత బలగాన్ని అక్కడ నిలిపి, తక్కిన సేన చీకటి పడే వేళకు జహీరాబాదు దాటి 15 కిలోమీటర్లు చేరుకొన్నది. మరునాటి సాయంకాలం నిజాం కాల్పుల విరమణ ప్రకటించినాడు. 18వ తేదీన హైదరాబాదు సేనాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయినాడు. అయితే లోకం గుర్తుంచుకొన్నది నడిమి తేదీని, 17ను.

ఇంతవరకు ఎవరికీ తగవు లేదు. తగవంతా ఆ తేదీకి పెట్టవలసిన పేరు దగ్గరనే. అది విమోచన దినమని కొందరు, విలీన దినమని కొందరు, విద్రోహ దినమని మరికొందరు. 2022లో కేంద్ర ప్రభుత్వం సికింద్రాబాదు పరేడ్ మైదానంలో హైదరాబాదు విమోచన దినోత్సవం జరుపగా, అదే ఉదయం రాష్ట్ర ప్రభుత్వం పబ్లిక్ గార్డెన్స్‌లో జాతీయ సమైక్యతా దినోత్సవం జరిపినది. 2024లో రాష్ట్రంలోని కొత్త ప్రభుత్వం అదే దినాన్ని ప్రజాపాలన దినోత్సవం అన్నది. జెండా ఒక్కటే, జెండా క్రింద చేసే ఉపన్యాసాలు వేరు. ఆ మరునాడు తరగతిలో విద్యార్థి లేచి “ఏది నిజమండీ?” అని అడిగితే ఉపాధ్యాయుడు ఏమి చెప్పవలె?

ఇన్ని పేర్లకు మూలం ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 37 సంవత్సరాల ఏలుబడి. ఆయనను మెచ్చేవారు ఉస్మానియా విశ్వవిద్యాలయం, నిజాంసాగరం, ఉస్మానియా ఆసుపత్రి, రైలు మార్గాలు అని వరుసగా జమ వ్రాస్తారు. నిరసించేవారు వెట్టిచాకిరీ, రాజ్యంలో సుమారు మూడవ వంతు నేలను ఆక్రమించిన జాగీర్లు, సభ జరుపుకోవలెనన్నా ముందుగా అనుమతి పొందవలసిన గస్తీ నిషాన్ 53, ఆపైన రజాకార్ల దౌర్జన్యాలు అని ఖర్చు వ్రాస్తారు. ఈ పట్టికలలో ఏ ఒక్కటీ అబద్ధం కాదు. చిక్కంతా అందులోనే ఉన్నది.

ఈ చిక్కు హైదరాబాదుకే ప్రత్యేకమని తలచనక్కరలేదు. నాలుగేండ్లకొకసారి ప్రజలు అధ్యక్షుని ఎన్నుకొనే అమెరికాలో పాలకుల జమాఖర్చు తగవు దాదాపు ఆ దేశమంత పాతది. అక్కడ రాజు లేడు, జాగీరు లేదు, ఉన్నవి కక్షులు. ఆ చరిత్రలోని రెండు మూడు ఘట్టాలను చూచి వస్తే జహీరాబాదు తగవు కొంత తేటపడుతుంది.

1833లో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్, జాతీయ బ్యాంకు మీది ఆగ్రహంతో, ప్రభుత్వ ధనాన్ని దాని నుండి తరలించినాడు. ప్రతిపక్షానికి సెనేట్‌లో బలమున్నది. హెన్రీ క్లే నాయకత్వాన ఆ సభ 1834 మార్చి 28న అధ్యక్షుని అభిశంసిస్తూ తీర్మానించినది. జాక్సన్ పక్షీయుడైన థామస్ హార్ట్ బెంటన్ పట్టు విడువలేదు. సభలో బలాబలాలు తారుమారైన పిదప, 1837 జనవరి 16న, ఆ తీర్మానాన్ని సభ కార్యక్రమ గ్రంథం నుండి కొట్టివేయవలెనని మరొక తీర్మానం నెగ్గించినాడు. కార్యదర్శి పాత గ్రంథాన్ని తెప్పించి, ఆ తీర్మానం చుట్టూ నల్లని గీతలు గీసి, సెనేట్ ఆజ్ఞచే కొట్టివేయబడినదని దాని మీద వ్రాసినాడు. పుట చించలేదు. అక్షరాలు చెరపలేదు. జాక్సన్ చేసిన పని మంచిదా చెడ్డదా అన్నది ఆ గీతల వలన తేలనూ లేదు. ఇదే జాక్సన్ 1830లో ఆదివాసి జాతులను మిసిసిపీ నదికి ఆవలకు తరిమే చట్టానికి సంతకం చేసినాడు. దాని కోసం ఏ గీతలూ గీయలేదు. రెండు పక్షాలు బ్యాంకును గురించి అంతగా పోట్లాడుకొన్న కాలంలో, ఇల్లు వాకిలి పోగొట్టుకొని దారి పొడవునా చనిపోయిన చెరోకీల ప్రస్తావన ఎంత వచ్చినదో ఆలోచించదగినది.

రెండవ ఘట్టం ఒక ఆనకట్టది. కొలరాడో నది మీద పెద్ద ఆనకట్ట కట్టడానికి చట్టం చేయబడినది 1928లో, కూలిడ్జ్ అధ్యక్షుడుగా ఉండగా. పని మొదలైనది హూవర్ కాలంలో. రైలు దారికి తొలి మేకు కొట్టిన నాడు మంత్రి విల్బర్ దానికి హూవర్ ఆనకట్ట అని పేరు పెట్టినాడు. ఆ తేదీ, కాకతాళీయంగా, 1930 సెప్టెంబరు 17. ఆ వెనుక దేశాన్ని మహామాంద్యం ముంచెత్తినది. 1932 ఎన్నికలలో హూవర్ ఓడిపోయినాడు. రూజ్వెల్ట్ మంత్రి హెరాల్డ్ ఇక్స్ 1933లో పేరు మార్చి బౌల్డర్ ఆనకట్ట అన్నాడు. 1935లో రూజ్వెల్ట్ స్వయంగా వచ్చి ప్రారంభోపన్యాసం చేసినప్పుడు హూవర్ పేరు మాటవరుసకైనా ఎత్తలేదు. 1947లో కాంగ్రెసు పాత పేరునే తిరిగి నిలిపినది. సంతకం చేసినవాడు రూజ్వెల్ట్ పక్షానికే చెందిన ట్రూమన్. ముగ్గురు అధ్యక్షుల కాలంలో ఒక కట్టడం. అధికార లెక్కల ప్రకారం ఆ పనిలో 96 మంది కూలీలు మరణించినారు. పేరు తగవులో వారెవ్వరూ కక్షులు కారు.

లెక్కలు వచ్చిన తర్వాతనైనా వాదం తగ్గిందా అంటే, తగ్గలేదు. లెక్కలకే రెండు ముఖాలు వచ్చినవి. రూజ్వెల్ట్ కాలంలో నిరుద్యోగం ఎంత తగ్గినది? 1933లో పనివారిలో సుమారు నాలుగవ వంతుకు పని లేదన్నది అందరూ ఒప్పుకొనే మాట. కాని 1936 నాటికి ఒక లెక్క ప్రకారం నిరుద్యోగులు సుమారు 17 శాతం, మరొక లెక్క ప్రకారం సుమారు 10 శాతం. ఏ ఒక్కరూ దొంగలెక్క వ్రాయలేదు. ప్రభుత్వం చేపట్టిన సహాయ పనులలో బాటలు వేస్తూ, బడులు కడుతూ కూలి తీసుకొన్న లక్షలాది జనాన్ని లెబర్‌గాట్ అనే ఆర్థికవేత్త నిరుద్యోగులలో చేర్చినాడు. 1976లో డార్బీ అనే మరొక ఆర్థికవేత్త వారిని ఉద్యోగులలో చేర్చినాడు. రూజ్వెల్ట్‌ను నిరసించేవారికి మొదటి లెక్క ఇష్టం, మెచ్చేవారికి రెండవది. బాట వేసినవాడు పని చేసినట్టా, చేయనట్టా అన్నది అసలు ప్రశ్న.

ఇంకొక ముచ్చట. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత డెమొక్రాటిక్ అధ్యక్షుల కాలంలో దేశ ఆర్థికాభివృద్ధి ఏటా సగటున 4.33 శాతమనీ, రిపబ్లికన్ల కాలంలో 2.54 శాతమనీ బ్లైండర్, వాట్సన్ అనే పండితులు 2016లో ప్రచురించినారు. ఒక పక్షం వారు పొంగిపోదగిన అంకెలే. కాని ఆ పండితులు అంతటితో ఆగలేదు. కారణాలు వెదకి, తేడాలో చాలా భాగం చమురు ధరల ఒడుదొడుకులు, ఉత్పాదకత, విదేశాల ఆర్థిక స్థితి వంటి వాటి వలన వచ్చినదని, అధ్యక్షుల ఆర్థిక విధానాల వలన కాదని చెప్పినారు. వాన కురిసిన ఏడు పటేలుగా ఉన్నవాడు మంచి పటేలు అనిపించుకొన్నట్లే ఇది.

ఇక జహీరాబాదు ప్రాంతానికి తిరిగి వద్దాం. నేటి జహీరాబాదు లోక్‌సభ నియోజకవర్గంలోనే ఈ వాదానికి రెండు సాక్ష్యాలు ఉన్నవి. ఒకటి మంజీర నది మీది నిజాంసాగరం. 1923లో మొదలై 1931లో పూర్తి అయినది. సుమారు 2,75,000 ఎకరాల మాగాణికి నీరు ఇవ్వవలెనని సంకల్పించినారు. రెండవది జోగిపేట. ఆనకట్ట పూర్తి కావటానికి సరిగ్గా ఒక యేడు ముందు, 1930 మార్చిలో, ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం ఆ ఊరిలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగినది. ఒకే ప్రభువు, ఒకే దశాబ్దం, ఒకే సీమ: ఒకచోట పొలాలకు నీళ్లు వస్తున్నవి, మరొకచోట జనం తమ భాషకు, సభకు చోటు కావలెనని కూడుతున్నారు. ఆనకట్టను చూపి సభను మరువరాదు, సభను చూపి ఆనకట్టను కాదనరాదు.

ఆనకట్టనైనా ఎవరి పద్దులో వ్రాయవలె? ప్రభువు ఆజ్ఞ ఉన్నది నిజమే. రూపకల్పన చేసి కట్టించినవాడు ప్రధాన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఖజానాలో సొమ్ము నింపినవాడు శిస్తు కట్టిన రైతు. మునిగిన పల్లెల వారు తమ నేలనే ఇచ్చినారు. కొలరాడో ఆనకట్టకు వేసిన ప్రశ్నలే మంజీర ఆనకట్టకూ వేయవచ్చును.

విశ్వవిద్యాలయం మాట మరింత జటిలం. భారతదేశంలో ఒక దేశభాషను ఉన్నత విద్యకు మాధ్యమంగా తీసుకొన్న మొదటి విశ్వవిద్యాలయం ఉస్మానియా. గొప్ప సాహసమే. కాని ఆ భాష ఉర్దూ. ప్రజలలో అధిక సంఖ్యాకుల మాతృభాషలు తెలుగు, మరాఠీ, కన్నడం. బాట వేసిన కూలీని ఏ గడిలో వ్రాయవలెనన్న చిక్కు వంటిదే ఇది: ‘దేశభాష’ అన్న మాటకు చెప్పుకొనే అర్థాన్ని బట్టి ఇదే పని జమగానో ఖర్చుగానో కనబడుతుంది. దీనికి తోడు, 1921లో హైదరాబాదులోని వివేకవర్ధని నాటకశాలలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా గేలి చేసిన ఉదంతాన్ని కొందరు నేరుగా నిజాం ఖాతాకే ఎక్కిస్తుంటారు. గేలి చేసినవారు ప్రభువు బంట్లు కారు. సంఘ సంస్కరణ సభకు వచ్చిన విద్యాధికులు. తెలుగువారి గౌరవానికి కలిగిన దెబ్బ మాత్రం నిజం. ఆంధ్ర జనసంఘం పుట్టినది దాని వలననే.

పొగడ్త కూడా ఇట్లే దారి తప్పుతుంది. 1965 యుద్ధ సమయంలో నిజాం 5 టన్నుల బంగారం దేశరక్షణకు దానం చేసినాడన్న కథ నేటికీ చలామణిలో ఉన్నది. ఆయన ఆ యేడు జాతీయ రక్షణ బంగారు పథకంలో పెట్టినది 425 కిలోలు. అది దానం కాదు, నూటికి 6.5 వడ్డీ వచ్చే బాండ్లు. దేశానికి అవసరమైన వేళ అంత బంగారం పెట్టటం చిన్న పని కాదు. దానిని పన్నెండింతలు చేయనక్కరలేదు.

అన్నిటికన్న బరువైన పద్దు 1948 నాటిది. రజాకార్ల హింస కల్పన కాదు. ఆ యేడు ఆగస్టులో బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండను ఆ సీమ నేటికీ మరువలేదు. అదే నెలలో హత్యకు గురైన ‘ఇమ్రోజ్’ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిం. భారతదేశంలో చేరవలెనని వ్రాసినందుకు ప్రాణం పోగొట్టుకొన్నవాడు. ఆయనను తలచుకొంటే ఆ కాలం రెండు మతాల పోరుగా మాత్రమే కనబడదు. సేన వచ్చిన తర్వాతి కథ మరొకటి. పండిత సుందరలాల్, కాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతుల సంఘం 1948 చివరలో సంస్థానంలో పర్యటించి, పోలీసు చర్య కాలంలోను, తర్వాతను 27,000 నుండి 40,000 మంది వరకు ప్రాణాలు పోగొట్టుకొన్నారని అంచనా వేసినది. మృతులలో అత్యధికులు ముస్లింలు. ఎక్కువగా దెబ్బ తిన్నవిగా ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలను పేర్కొన్నది. జహీరాబాదు అప్పుడు బీదరు జిల్లాలోనిది. ఆ నివేదిక 2013 వరకు పరిశోధకులకు అందుబాటులోకి రాలేదు. అంకెల మీద చర్చకు చోటు ఉన్నది. కాని ఒక పక్షం బైరాన్‌పల్లి వద్ద ఆగిపోయి, మరొక పక్షం సుందరలాల్ నివేదిక వద్దనే మొదలుపెడితే, తరగతిలో ప్రశ్న అడిగిన విద్యార్థికి దక్కేది సగం పుస్తకం.

ఏ ఉపన్యాసకుని కోసమూ ఎదురుచూడక, జహీరాబాదు పరిసరాల విద్యార్థులు చేయదగిన పని ఒకటి ఉన్నది. 16వ తేదీ ఉదయం మందుపాతరలు తొలగించిన చోటు ఏది? బీదరు కూడలి వద్ద పొంచి ఉన్నవారు ఎవరు? ఆ రాత్రి ఎవరి ఇంట దీపం వెలిగినది, ఎవరు ఊరు విడిచి పోయినారు, ఎవరు ఎవరిని దాచినారు? ఆనాడు పదేళ్ల బాలుడైనవాడు నేడు ఎనభై దాటిన వృద్ధుడు. తెలుగు తాత ఒకటి చెప్పును, ఉర్దూ తాత మరొకటి చెప్పును, కన్నడ అవ్వ, మరాఠీ ఆజి ఇంకొకటి చెప్పుదురు. వాటిని ఎవరి మాటలో వారివిగా, తేదీతోను ఊరి పేరుతోను ఒక నోటు పుస్తకంలో వ్రాసుకొని, ప్రక్కన నల్లగీతలు గీయకుండా ఉంచితే చాలును.