నగరసభ నుండి రాజ్యాధికారమునకు

విలియం కాస్‌గ్రేవ్ 1880లో డబ్లిన్ నగరమున, అంగడి నడపుకొను కుటుంబమున జన్మించెను. 1909లో షిన్ ఫేన్ పక్షమున నగర కార్పొరేషనుకు ఎన్నికయ్యెను. ఇండ్లు, వీథులు, పన్నులు, పద్దులు - ఇవియే ఆయన రాజనీతికి ఓనమాలు.

1916 ఈస్టరు తిరుగుబాటున ఆయుధము పట్టగా సైనిక న్యాయస్థానము మరణశిక్ష విధించెను. అది యావజ్జీవ శిక్షగా మారుటచే ప్రాణము దక్కెను. 1917లో విడుదలయై, ఆ యేటనే కిల్కెన్నీ ఉపయెన్నికలో గెలిచెను. అయినను లండను పార్లమెంటున అడుగిడలేదు. 1919లో డబ్లినున వెలసిన జాతీయ శాసనసభయగు డాయిల్‌లో స్థానిక పరిపాలనా మంత్రి అయ్యెను. పురపాలక సంఘములను బ్రిటిషు అదుపు తప్పించి డాయిల్ వైపు త్రిప్పుటకు వెనుకటి అనుభవము అక్కరకు వచ్చెను.

1922 ఆగస్టున గ్రిఫిత్, కాలిన్స్ పది దినముల యెడముతో మరణింపగా, అంతర్యుద్ధము నడుమ రాజ్యభారము ఆయనపై బడెను. ఆ యుద్ధమున ఆయన ప్రభుత్వము డెబ్బదిమందికి పైగా ఖైదీలను కాల్చి చంపించెను. ఆ మచ్చ మాసిపోలేదు. 1932 ఎన్నికలలో ఆనాటి ప్రత్యర్థి డి వలెరా పక్షము ముందంజ వేసెను. సైన్యము తన యాజ్ఞలో నున్నను, మార్చి 9వ తేదీన కాస్‌గ్రేవ్ శాంతముగా గద్దె దిగి ప్రతిపక్షమున కూర్చుండెను. ఐర్లండు ప్రజాస్వామ్యము ఆ దినమున నిలద్రొక్కుకొనెను.