అంకె ఒకటే, మూలరేఖ వేరు

మధ్యయుగపు ముస్లిం భూగోళ శాస్త్రజ్ఞుల పట్టికలు పోల్చి చూస్తే, ఒకే నగరపు రేఖాంశం పది డిగ్రీల తేడాతో కనిపించడం కద్దు. కొందరు కేనరీ దీవుల నుంచి, మరికొందరు ఆఫ్రికా పశ్చిమ తీరం నుంచి లెక్కించడమే కారణం.

నేటి కంప్యూటర్ పటాలదీ ఇదే చిక్కు. మస్జిదుల స్థానాలను పోస్ట్‌జీఐఎస్‌లో చేర్చేటప్పుడు రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత రాయాలి. మక్కా రేఖాంశం 39.83, అక్షాంశం 21.42. ఇవి తారుమారైతే మక్కా ఉత్తర గ్రీసుకు చేరుతుంది. హైదరాబాదు ఖిబ్లా పడమర నుంచి వాయవ్యానికి తిరుగుతుంది!

ఎస్‌టీ_సెట్‌ఎస్ఆర్ఐడీ అనే ఆజ్ఞ ముద్ర మాత్రమే వేస్తుంది, అంకెలను ముట్టదు. డిగ్రీలను మీటర్లలోకి (హైదరాబాదుకు 32644) మార్చేది ఎస్‌టీ_ట్రాన్స్‌ఫామ్. చాలామంది పొరబడేది ఇక్కడే. తప్పుడు ముద్ర ఉంటే మొదట దాన్ని సరిదిద్ది, ఆ తర్వాతే మార్పిడి చేయాలి.