బిళ్ళలో సిలికా, బండరాయిలో సిలికా: రెండూ ఒకటేనా?

ఈమధ్య ఓపీలో ఒక ప్రశ్న తరచూ వినిపిస్తోంది. “బిళ్ళల్లో ఇసుక కలుపుతారంట, నిజమేనా డాక్టరు గారూ?” అని. మందు డబ్బాలో మడిచిపెట్టిన కాగితం మీదో, ఫోన్‌లో మందు పేరు కొట్టి చూసినప్పుడో ‘కొల్లాయిడల్ సిలికాన్ డయాక్సైడ్’ అని కనిపిస్తుంది. కొన్ని సూప్ పొడులు, కాఫీలో కలిపే పాలపొడులు, ఉప్పు ప్యాకెట్ల మీద ‘ఐఎన్‌ఎస్ 551’ అని ఉంటుంది. రెండూ ఒకటే: సిలికా. కొత్తపట్నం తీరంలో మన కాళ్ళ కింద జారే ఇసుకలో ఎక్కువ భాగం కూడా సిలికానే. ఎవరో ఈ రెంటినీ కలిపి వాట్సాప్‌లో పెట్టేశారు. అడిగి తెలుసుకునేవాళ్ళతో పేచీ లేదు. ఎవరినీ అడక్కుండా బీపీ బిళ్ళలు ఆపేసి, తల దిమ్ముగా ఉందంటూ నెల తర్వాత వచ్చేవాళ్ళను చూస్తేనే భయం వేస్తుంది.

ఇంకోవైపు అదే సిలికాను నానో కణాలుగా చేసి, వాటిలో క్యాన్సర్ మందు నింపి గడ్డ దగ్గరికే పంపిస్తారని వార్తలు చదువుతున్నాం. మూడోవైపు రాతి పనిలో ఊపిరితిత్తులు పాడైనవాళ్ళు మన జిల్లా ఆసుపత్రులకు వస్తూనే ఉన్నారు. ఒకే పదార్థం ఒకచోట మందుకు బండి, ఇంకోచోట ప్రాణాంతకం ఎలా అవుతుంది? పేరు చూసి జవాబు చెప్పలేం. అది ఏ రూపంలో ఉంది, ఎంత సైజు, ఒంట్లోకి ఏ దారిన వచ్చింది, తిరిగి బయటికి పోతుందా లేదా అన్నది చూడాలి.

ఊక బూడిదలో ఉన్న కిటుకు

సిలికా అంటే సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం. అణువులు వరుస తప్పకుండా పేర్చినట్టు ఉంటే అది స్ఫటిక సిలికా. క్వార్ట్జ్ అలాంటిదే. ఇసుకలోనూ చాలా రాళ్ళలోనూ ఉండేది ఇదే. వరుస లేకుండా గాజులా ఉంటే అస్ఫటిక సిలికా. బిళ్ళల్లో, ఆహార పొడుల్లో వాడేదీ, మందు మోసే నానో కణాలుగా తయారుచేసేదీ ఈ రెండో రకం.

వరి కోసేటప్పుడు చేతులు ఎందుకు గీసుకుపోతాయో ఎప్పుడైనా ఆలోచించారా? వరి మొక్క నేలలోని సిలికాను పీల్చి ఆకులోనూ గింజ పొట్టులోనూ దాచుకుంటుంది. ఊకను తగుమాత్రం వేడి మీద కాలిస్తే మిగిలే బూడిదలో నూటికి 85 నుంచి 95 పాళ్ళు సిలికానే, అదీ అస్ఫటిక రూపంలో. నానో కణాలు చేసే ప్రయోగశాలలు ఈ బూడిదను కూడా ముడిసరుకుగా వాడుతున్నాయి. అదే ఊకను మరీ ఎక్కువ వేడిలో చాలాసేపు కాలిస్తే సిలికా స్ఫటికంగా మారుతుంది. ఊక అదే, పేరు అదే, గుణం మాత్రం మారిపోయింది.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో ఈ తేడాను స్పష్టంగా గీసింది. పని చోట ఊపిరితో లోపలికి పోయే స్ఫటిక సిలికా ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో పెట్టింది. అస్ఫటిక సిలికాను మూడో వర్గంలో, అంటే క్యాన్సర్ కారకమని చెప్పడానికి ఆధారాలు చాలని వాటిలో ఉంచింది.

నోటి దారి, ముక్కు దారి

బిళ్ళలో సిలికా ఎందుకు వేస్తారంటే, మందు పొడి ముద్ద కట్టకుండా మిషన్‌లోకి సమంగా జారడానికి. మామూలుగా బిళ్ళ బరువులో నూటికి ఒక పాలు కూడా దాటదు. 500 మిల్లీగ్రాముల బిళ్ళలో 5 మిల్లీగ్రాములు అనుకోండి. మనం తినే ధాన్యాలు, కూరగాయలు, తాగే నీళ్ళ ద్వారా రోజూ పదుల మిల్లీగ్రాముల సిలికాన్ ఎలాగూ లోపలికి పోతోంది. మింగిన అస్ఫటిక సిలికాలో అత్యధిక భాగం మలంతో వెళ్ళిపోతుంది. కరిగిన కొద్ది భాగం సిలిసిక్ ఆమ్లంగా మారి మూత్రంలో పోతుంది. ఈ పొడిలోని తొలి కణాలు నిజానికి నానో సైజువే, కాకపోతే ఒకదానికొకటి అతుక్కుని గుత్తులుగా ఉంటాయి. అందుకే యూరప్ ఆహార భద్రతా సంస్థ దీన్ని మళ్ళీ పరిశీలించింది. 2018లో సమాచారం చాలదని చెప్పిన ఆ సంస్థే, 2024లో ఇప్పుడు వాడుతున్న మోతాదుల్లో ఏ వయసువారికీ ఆందోళన అక్కర్లేదని తేల్చింది. కాబట్టి మీ బీపీ, షుగరు బిళ్ళలను ఈ కారణంతో ఆపకండి.

ముక్కు దారి సంగతి వేరు. తీరంలో పిల్లలు ఇసుకలో దొర్లి ఆడుకుంటే ఊపిరితిత్తులకు ఏమీ కాదు. ఇసుక రేణువు అంత లోపలికి వెళ్ళలేనంత పెద్దది. రాయిని కోసినప్పుడు, తొలిచినప్పుడు, పాలిష్ చేసినప్పుడు లేచే సన్నటి ధూళిలో మిల్లీమీటరులో రెండు వందల వంతు కంటే చిన్న రేణువులు ఉంటాయి. ప్రమాదం వాటితోనే. అవి ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా పోతాయి. అక్కడ కాపలా కాసే కణాలు వాటిని మింగుతాయి, అరిగించుకోలేక చచ్చిపోతాయి. బయటపడ్డ స్ఫటికాన్ని ఇంకో కణం మింగుతుంది, అదీ చస్తుంది. ఇలా ఏళ్ళ తరబడి జరిగి ఊపిరితిత్తి మచ్చలు పడి బిగుసుకుపోతుంది. ఇదే సిలికోసిస్. పని మానేశాక కూడా ముదురుతుంది. పాడైన భాగాన్ని మామూలుగా చేసే మందు లేదు. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్ళకు టీబీ త్వరగా పట్టుకుంటుంది. ఎక్స్‌రేలో ఒకదాన్ని చూసి ఇంకొకటని పొరబడే అవకాశమూ ఉంది.

మన దగ్గర రాతి పని అనగానే చీమకుర్తి గుర్తొస్తుంది. ప్రపంచమంతా కొనే గెలాక్సీ రాయిని గ్రానైట్ అని అమ్ముతారు గానీ, భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి, క్వార్ట్జ్ తక్కువ. ఆ మాట పట్టుకుని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. కోత, పాలిష్ యూనిట్లకు రకరకాల రాళ్ళు వస్తాయి, వాటిలో క్వార్ట్జ్ దండిగా ఉన్నవీ ఉంటాయి. మిరప కల్లాల్లో ఘాటుకు ముక్కుకు గుడ్డ చుట్టుకున్నట్టే రాతి పనిలోనూ తువ్వాలు చుట్టుకుంటారు. మిరప రేణువు పెద్దది, తుమ్ము తెప్పించి బయటికి పోతుంది. రాతి ధూళి తువ్వాలు పోగుల మధ్య నుంచే దూరిపోతుంది, తుమ్ము కూడా రాదు. నీళ్ళు కొడుతూ కోయడం, ధూళిని లాగేసే ఏర్పాటు, ముఖానికి సరిగ్గా పట్టిన ఎన్95 మాస్కు, ఇవే రక్షణ. ఇంట్లో ఎవరైనా రాతి పని చేసి ఉంటే, పదేళ్ళ కిందట మానేసినా సరే, దగ్గుకో ఆయాసానికో ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆ సంగతి ముందు చెప్పండి. సిలికోసిస్ చట్ట ప్రకారం డాక్టరు ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు.

గ్రాము పొడిలో పావెకరం

ఇక మందు మోసే సిలికా. 1992లో అమెరికాకు చెందిన మొబిల్ చమురు కంపెనీ శాస్త్రవేత్తలు తేనెపట్టులా వరుసగా రంధ్రాలున్న సిలికాను తయారు చేశారు. వాళ్ళ ఆలోచన చమురు శుద్ధి గురించి. 2001లో స్పెయిన్ పరిశోధకులు ఆ రంధ్రాల్లో ఐబుప్రొఫెన్ నింపి, అది మెల్లగా బయటికి వస్తుందని చూపించారు. రంధ్రాల గోడలన్నీ పరిచి కొలిస్తే ఒక్క గ్రాము పొడికి దాదాపు వెయ్యి చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో పావెకరం! అందుకే చిటికెడు పొడి చాలా మందు పట్టుకుంటుంది.

అసలు బండి ఎందుకు, మందు చాలదా అంటారేమో. 2021లో కరోనా రెండో అల తర్వాత బ్లాక్ ఫంగస్ రోగుల కోసం కుటుంబాలు ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల వెంట పరుగులు తీయడం మీకు గుర్తుండే ఉంటుంది. మామూలు ఆంఫోటెరిసిన్ కిడ్నీలను బాగా దెబ్బతీస్తుంది. అదే మందును సన్నటి కొవ్వు బుడగల్లో పెట్టిన లైపోసోమల్ రకంతో ఆ దెబ్బ తగ్గుతుంది. మందు మారలేదు, బండి మారింది. కొవ్వు బుడగ మెత్తటిది, సిలికా కణం గట్టిది. దాని రంధ్రాలకు మూతలు పెట్టి, గడ్డలోని ఆమ్లత్వానికి తెరుచుకునేలా చేయవచ్చన్నది ఆశ. నోటి మందుల్లోనూ ఉపయోగం ఉంది. నీళ్ళలో సరిగా కరగని ఫెనోఫైబ్రేట్ అనే కొవ్వు తగ్గించే మందును సిలికాలో నింపి 12 మంది ఆరోగ్యవంతులకు ఇచ్చిన పరీక్ష ఫలితం 2016లో వచ్చింది. మందు ఒంటికి పట్టడం సగానికి పైగా పెరిగింది.

ఇందులో మన భీమవరం వాసన కూడా ఉంది. చాలా రకాల క్యాన్సర్ కణాలు ఫోలిక్ ఆమ్లాన్ని ఆబగా లాక్కుంటాయి. నానో కణానికి ఫోలిక్ ఆమ్లం తగిలిస్తే క్యాన్సర్ కణం దాన్నే తలుపు తీసి రమ్మంటుంది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారు చేసిన లెడర్లీ బృందానికి నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు గారు. మెథోట్రెక్సేట్ పుట్టింది కూడా అదే పరిశోధనలో నుంచి. ఫోలేట్ తగిలించిన ‘ఈఎల్‌యూ-001’ అనే సిలికా కణం మీద 2021లో అమెరికాలో మనుషుల్లో తొలి దశ పరీక్షలు మొదలయ్యాయి.

లోపలికి పోయింది బయటికి వస్తుందా?

రక్తంలోకి ఎక్కించే కణానికి బిళ్ళకున్న వెసులుబాటు లేదు. మలంతో పోయే దారి నేరుగా ఉండదు. పూత లేని సిలికా ఎర్ర రక్తకణాల పొరకు అంటుకుని వాటిని పగలగొట్టగలదు. అందుకే పైన పెగ్ అనే పాలిమర్ పూత వేస్తారు. సైజు 50, 100 నానోమీటర్లు ఉంటే కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. అక్కడ మెల్లగా కరిగి పోవాలి. ఎంత కాలంలో కరుగుతుందో కణం తయారీని బట్టి ఉంటుంది. మళ్ళీ మళ్ళీ ఎక్కించే మందైతే, పాతది పోకముందే కొత్తది చేరుతుంది. ఎలుకల్లో మోతాదు పెంచినప్పుడు కాలేయంలో వాపు కనిపించింది కూడా.

2011లో జపాన్ శాస్త్రవేత్తల ప్రయోగం ఈ విషయంలో నాకు చాలా ముఖ్యమైనదిగా తోస్తుంది. కడుపుతో ఉన్న చుంచెలుకలకు 70 నానోమీటర్ల సిలికా కణాలు ఎక్కిస్తే అవి మాయను దాటి పిండంలోకి వెళ్ళాయి, గర్భానికి హాని జరిగింది. 300 నానోమీటర్ల కణాలతో అది జరగలేదు. 70 నానోమీటర్ల కణాలకే పైపొర రసాయనం మార్చి ఇస్తే ఆ హానీ కలగలేదు. అందువల్ల ‘నానో సిలికా క్షేమమా?’ అన్న ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు చెప్పేవాళ్ళను నమ్మకండి. ప్రతి కణాన్నీ విడిగా పరీక్షించాల్సిందే.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకో దారి పట్టారు. కిడ్నీ జల్లెడలో నుంచి జారిపోయేలా 6, 7 నానోమీటర్ల కణాలు చేశారు. మెలనోమా క్యాన్సర్ ముదిరిన ఐదుగురికి ఎక్కించి చూసిన ఫలితాలు 2014లో వచ్చాయి. కణాలు మూత్రంలో బయటికి పోయాయి, విష లక్షణాలు కనిపించలేదు. మంచి ఆరంభమే. కానీ ఐదుగురే. అదీ గడ్డలను గుర్తించడానికి ఇచ్చిన కొద్దిపాటి మోతాదు.

బయటికి పోవడం కిడ్నీల మీద ఆధారపడినప్పుడు, కిడ్నీలే బాగా లేకపోతే? డయాలసిస్ రోగుల రక్తంలో సిలికాన్ ఎక్కువగా పేరుకుంటుందని ముందునుంచీ తెలుసు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అనుమానించిన కారణాల్లో భూగర్భ జలంలోని సిలికా కూడా ఉంది. ఎండలో పని, నీళ్ళు తాగకపోవడం, పురుగు మందులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఏదీ రుజువు కాలేదు. మధ్య అమెరికాలోనూ ఇలాంటి జబ్బే ఉంది. అక్కడ చెరకు తోటల కూలీల కిడ్నీల్లో సిలికా నానో కణాలు కనిపించాక ఈ అనుమానం మీద పరిశోధన మళ్ళీ ఊపందుకుంది. జుట్టుకు, గోళ్ళకు మంచిదని ఆన్‌లైన్‌లో అమ్మే సిలికా చుక్కలను కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడక్కుండా వాడొద్దని చెప్పేది ఇందుకే. గర్భిణులకు అసలే వద్దు. మెగ్నీషియం ట్రైసిలికేట్ ఉన్న గ్యాస్ మందును ఏళ్ళ తరబడి తాగినవాళ్ళలో, అరుదుగానైనా, సిలికా రాళ్ళు ఏర్పడ్డాయి.

ఎవరైనా ‘నానో చికిత్స’ అంటే

క్యాన్సర్ అనగానే ఇల్లంతా తల్లడిల్లిపోతుంది. ఎకరం అమ్మయినా సరే కొత్త వైద్యం చేయిద్దామంటారు. ఆ తొందరలోనే మోసం జరుగుతుంది. సిలికా నానో కణంలో నింపిన క్యాన్సర్ ఇంజెక్షన్ ఏదీ ఇంకా ఆసుపత్రుల్లో మామూలు వాడకంలోకి రాలేదు. ఎవరైనా ఇస్తామంటే అది ప్రయోగమైనా అయి ఉండాలి, అబద్ధమైనా అయి ఉండాలి. ప్రయోగమైతే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ నంబరు అడగండి. ‘సీటీఆర్‌ఐ’ అని మొదలవుతుంది, ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. నైతిక కమిటీ అనుమతి పత్రం, మీకు అర్థమయ్యే తెలుగులో సమ్మతి పత్రం చేతికివ్వాలి. ప్రయోగంలో ఉన్న మందుకు రోగి దగ్గర డబ్బు అడుగుతున్నారంటే అక్కడే ఆగండి. నానో మందులను ఎలా పరీక్షించాలో మన కేంద్ర ప్రభుత్వం 2019 అక్టోబరులోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కణం సైజు, పైపూత, ఒంట్లో ఎక్కడ చేరుతుంది, ఎలా పోతుంది అన్న వివరాలు తయారీదారు చూపాలి. అనుమానం ఉంటే కాగితాలన్నీ తీసుకుని దగ్గరలోని ప్రభుత్వ బోధనాసుపత్రి క్యాన్సర్ విభాగానికి వెళ్ళండి. చదివి చెప్పడానికి అక్కడ ఫీజు ఉండదు.